కొసరు వేసిన తూటాలు

టెక్సాస్‌లో మా ప్లేనో ఊరు మొత్తం మీద తుపాకి మందుని గింజ తేడా రాకుండా కొలవగల ముసలివాడు ఎవరయ్యా అంటే, నేనే. నేను కొలిచిన మందుతోనే మా కోడలు మొన్నటి ఎండాకాలం పోటీలో నిలబడింది. ఈ మాట నేను ఇర్వింగ్‌లో ఒక పుట్టినరోజు విందులో అన్నాను. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటూ అన్నాను. పార్కు బెంచీ మీద ఇద్దరు రిటైరైన ఇంజనీర్లని కూర్చోబెట్టి మరీ చెప్పాను. వాళ్లు నోరు తెరుచుకుని విన్నారు. చెప్పిన కొద్దీ ఆ మాటకి నునుపు వచ్చింది. కాగితం మీద పెట్టేసరికి మాత్రం ఎక్కడో గుచ్చుకుంటోంది. అందుకని జరిగింది జరిగినట్టు రాయడానికి ప్రయత్నిస్తాను. ప్రయత్నిస్తాను అనే అంటున్నాను, గమనించండి.

మా కోడలిది వరంగల్ వైపు. ఇర్వింగ్‌లో ఆఫీసు, రోజూ హైవే మీద పోయి వచ్చే ఉద్యోగం, సెలవురోజు కూడా ఎప్పుడు మోగుతుందో తెలియని ఫోను. ఆమెకి ఉన్న సరదా ఒక్కటే. వీలు దొరికినప్పుడు ఊరి బయట రేంజ్‌కి వెళ్లి, నేల మీద బోర్లా పడుకుని, కంటికి ఆనీ ఆనని దూరంలో వేలాడదీసిన ఇనప పలకలని పొడుగు తుపాకితో కొట్టడం. మా అబ్బాయికి ఆ చప్పుడు పడదు. "నువ్వు వెళ్లిరా, నేను దోసెల పిండి రుబ్బి పెడతా" అంటాడు. అన్నట్టే రుబ్బుతాడు కూడా.

కాల్చడం ఒక ఎత్తు, ఆ తూటాలు తయారు చేసుకోవడం ఇంకో ఎత్తు. అవి ఆమె ఇంట్లోనే, గ్యారేజీలో ఒక మూల, తన చేత్తో చేసుకుంటుంది. కాల్చగా మిగిలిన ఇత్తడి గొట్టాలని ఏరి తెచ్చుకుని, శుభ్రం చేసి, అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత కొత్తది బిగించి, లోపల మందు పోసి, పైన గుండు కూర్చుతుంది. బజారులో తయారు తూటాలు దొరకవా అని అడిగాను.

"దొరుకుతయి మామయ్యా. మంచివే. కానీ ఒకటి ఒక తీరుంటది, ఇంకోటి ఇంకో తీరుంటది. దూరం కొట్టాలంటే అన్నీ ఒక్క తీరుండాలె. ఆఫీసుల ఏదీ రెండుసార్లు ఒక్క తీరు రాదు. ఈడనన్న రావాలె గదా."

మా ఆవిడ మొదట్లో గ్యారేజీ వైపు తొంగి కూడా చూసేది కాదు. "కూరలో ఉప్పు చేతికొచ్చినంత వేస్తుంది, అక్కడ మాత్రం తూచి తూచి పోస్తుంది" అని గొణిగేది.

"ఉప్పు ఎక్కువైతే మీరు తిడ్తరు అత్తయ్యా, గంతే గదా" అనేది కోడలు.

నా సంగతి చెప్పాలి. నేను గుంటూరు జిల్లాలో ఒక చిన్న బజారులో కిరాణా కొట్టు నడిపినవాణ్ని. కిలోలు వచ్చి ఎన్నాళ్లయినా మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు సోలెడు, గిద్దెడు అనే అడిగేవారు. కొలపాత్రలో గింజ ఎలా పడుతుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఎత్తు నుంచి పోస్తే గింజ ఒదుగుతుంది. అంచు దగ్గర నుంచి మెల్లగా జారవిడిస్తే గుల్లగా నిలుస్తుంది. పాత్ర అడుగుని ఒకసారి నేలకి తట్టారంటే ఇంకో గుప్పెడు పడుతుంది. ఒకే సోలలో కావలసినవాళ్లకి నిండుగా, పేచీ పెట్టేవాళ్లకి గుల్లగా కొలిచే చెయ్యి నాది. నేను ఆ గ్యారేజీలోకి మొదటిసారి అడుగుపెట్టింది ఈ గొప్ప చూపించుకోవడానికే.

బల్ల అంచుకి ఒక పరికరం బిగించి ఉంది. పైన లోపలిది కనబడే డబ్బా, అందులో మందు. పక్కన ఒక పిడి. పిడి పైకెత్తితే లోపలి గుంట నిండుతుంది, కిందికి దించితే ఆ నిండినదంతా చిన్న పళ్లెంలోకి జారుతుంది. మందంటే నేను నల్లటి పొడి అనుకున్నాను. కాదు. సేమ్యాని గోటితో తుంచి మాడబెట్టినట్టు, సన్నటి పుల్లముక్కలు.

"ఇది మన సోలే కదమ్మా" అన్నాను.

"సోలనే మామయ్యా. పిడి తిప్పుతరా?"

తిప్పాను. నా చేతి నుంచి పడ్డ ప్రతి కొలతనీ ఆమె ముల్లున్న చిన్న త్రాసు మీద పెట్టింది. ఒకటి బరువు, ఒకటి తేలిక, ఒకటి మరీ బరువు. ముల్లు ఊళ్లో తిరిగే మనిషిలా ఒకచోట నిలవలేదు. తప్పు పరికరానిదని చెప్పాను. ఆమె నా చోటులోకి వచ్చి తానే పిడి పట్టుకుంది. పైకి, ఒక చిన్న ఆగడం, కిందికి, ఒక చిన్న తట్టు. మళ్లీ అదే. ఆ చెయ్యి ఎంత వేగంతో లేచిందో ప్రతిసారీ అంతే వేగంతో లేచింది. ఎంత గట్టిగా ఆగిందో అంతే గట్టిగా ఆగింది. ముల్లు ఒకే గీత పక్కన వచ్చి నిలబడుతోంది. ఒకే పనిని మనిషి చెయ్యి అన్నిసార్లు అచ్చంగా ఒకేలా చేయడం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత చాలా మధ్యాహ్నాలు ఆ మూల స్టూలు మీదే కూర్చున్నాను. మాట్లాడకూడదు, ఫోను లోపలికి తేకూడదు, ఇవి షరతులు. మాట్లాడకుండా కూర్చోవడం నాకు ఎంత కష్టమో మా బంధువులందరికీ తెలుసు. అయినా కూర్చున్నాను. పైడబ్బాలో మందు మట్టం తగ్గితే కింది గుంటలో అది ఒదిగే తీరు మారుతుందట. అందుకని మట్టం కాస్త దిగగానే మళ్లీ పోసేది. గరాటుకి మందు అంటుకోకుండా, బట్టలు ఆరబెట్టే మిషన్‌లో వేసే మెత్తటి కాగితంతో తుడిచేది. ఏసీ గాలి త్రాసుని కదుపుతుందని పైన గాలి వచ్చే జాలీ మూసేసేది. తూకానికి ఆమె వాడే ప్రమాణం పేరు గ్రెయిన్, అంటే గింజ ఎత్తు. మన కంసాలుల గురివింద గింజ దానికి దాదాపు రెండింతలు. ఆ గింజలో పదోవంతు తేడా వస్తే ఈమె పళ్లెం తీసి మళ్లీ మొదలుపెడుతుంది. నా కొట్టులో త్రాసు మీద ఈగ వాలినా నేను పట్టించుకున్నవాణ్ని కాదు. ఇక్కడ నేను దగ్గితే ముల్లు ఊగుతోంది.

నా నైపుణ్యం అంతా ఒకే పాత్రలో తేడా తేవడం. ఈ పిల్ల జీవితం పెట్టి నేర్చుకుంటున్నది తేడా రాకుండా చేయడం. ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు ఈ సంగతి నాకు స్పష్టంగా అర్థమైంది. అర్థమయ్యాక కూడా నేను చేసిన పని చేశాను.

దానికి కారణం ఒక చిన్న గొట్టం. పరికరంతో ఆమె ఎప్పుడూ కావలసినదానికి ఒక వెంట్రుకవాసి తక్కువే పడేలా సర్దుకునేది. ఆ తక్కువని పూడ్చడానికి త్రాసు పక్కన పడుకోబెట్టినట్టు ఒక సన్నటి గొట్టం ఉండేది. దాన్ని రెండు వేళ్లతో తిప్పితే చివరి నుంచి మందు పుల్లలు ఒక్కొక్కటిగా పళ్లెంలోకి రాలతాయి. ఒక్కొక్కటి అంటే నిజంగా ఒక్కటే. ఒక పుల్ల అంచు దాకా వచ్చి, పడాలా వద్దా అన్నట్టు నిలబడి, పడేది. ముల్లు లేచి గీత మీదికి వచ్చేది. ఆ క్షణం కోసం నేను గంటలు కూర్చునేవాణ్ని. ఊపిరి పీల్చడం మర్చిపోయేవాణ్ని.

ఆ గొట్టానికి నేను మనసులో కొసరు గొట్టం అని పేరు పెట్టుకున్నాను. కొలత అయ్యాక మీద నాలుగు గింజలు వేయకుండా నా జీవితంలో ఎవరినీ పంపలేదు. అడిగించుకుని వేసేవాడు వ్యాపారి కాదు. ఆ కొసరు కూడా బస్తాలోంచి తీయం. కొలిచేటప్పుడు పాత్ర చుట్టూ గోనె మీద రాలిన గింజల్లోంచే తీసి వేస్తాం. కొనేవాళ్లకీ సంతోషం, బస్తాకీ నష్టం లేదు. ఈ అమెరికాలో కొసరు వేయడానికి ఒక మిషనే కనిపెట్టారని నాకు ఆనందంగా ఉండేది.

పోటీ ఇంకో వారంలో ఉందనగా, ఒక ఆదివారం పొద్దున ఆమె పోటీకి కావలసిన తూటాలు తయారు చేస్తోంది. చలికాలమంతా ఒకే రకం, ఒకే విడతలో తయారైన మందుతో కాల్చి చూసుకుని, ఎంత పోస్తే ఎక్కడ తగులుతుందో తేల్చుకుని పెట్టుకుంది. పోయినేటి మిరపకాయల కారం ఈ యేటి కారం ఒకటి కాదు కదా, మందూ అంతేనట. ఆ విడతది ఊళ్లో ఎక్కడా దొరకడం లేదు. ఆమె దగ్గర ఉన్నదే ఉంది.

ఆ పొద్దున ఆమె చెయ్యి మరీ కుదిరింది. కొన్నిసార్లు పిడి దించగానే ముల్లు నేరుగా గీత మీదికే వచ్చి నిలబడింది. గొట్టం తిప్పే అవసరమే రాలేదు. అలా తూచినవన్నీ ఇత్తడి గొట్టాల్లో పోసి, చెక్కపలక గుంటల్లో వరుసగా నిలబెట్టింది. ఇంతలో లోపల ఫోను మోగింది.

"ఆఫీస్ కాల్ మామయ్యా, అయిదు నిమిషాల్ల వస్త" అని వెళ్లింది.

వరుస నా ముందుంది. మూతులు తెరుచుకుని, బారులు తీరి, నా కొట్టు ముందు నిలబడ్డ జనంలా. వీటిలో కొన్నింటికి కొసరు పడలేదు. నేను కళ్లారా చూశాను. ఏవి పడనివో గుర్తులేదు. కొందరికి వేసి కొందరికి వేయకపోతే ఎలా? బల్ల మీద ఒక చిన్న స్టీలు గిన్నె ఉంది, బల్ల మీద రాలిన మందు పుల్లల్ని ఆమె బ్రష్‌తో ఊడ్చి అందులో వేస్తుంది. మన పద్ధతే. అందులోంచి బొటనవేలు, చూపుడువేలు కలిపి, ఇంగువ తీసినట్టు తీసి, తలా ఒక చిటికెడు వేసుకుంటూ పోయాను. నా చిటికెలో తేడా ఉండదు. చివరిదానికి వేసి చేతులు దులుపుకునేసరికి ఆమె వచ్చింది. వచ్చి, ఏమీ ఎరగకుండా, గుండ్లు బిగించడం మొదలుపెట్టింది.

భోజనాల దగ్గర నేనే చెప్పాను. దాచాలన్న ఆలోచనే నాకు లేదు, మెప్పు పొందాలని చెప్పాను.

"నువ్వు ఫోన్‌లో ఉండగా నీ పని కొంత నేను చేసిపెట్టానమ్మా" అన్నాను, పప్పులో నెయ్యి కలుపుకుంటూ.

"ఏం పని మామయ్యా?"

"కొన్నింటికి కొసరు మర్చిపోయావు. అన్నింటికీ తలా ఒక చిటికెడు వేశాను. ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు."

ఆమె చెయ్యి కంచంలో ఆగిపోయింది. "దేంట్ల వేసిన్రు?"

"ఆ ఇత్తడి వాటిలోనే. వరసగా పెట్టావు కదా."

"మందు వేసిన్రా?"

"మందు కాక ఆవాలు వేస్తానా."

మా అబ్బాయి నవ్వబోయి, భార్య మొహం చూసి మానేశాడు. ఆమె లేచి చెయ్యి కడుక్కుంది.

"అన్నం ముందు కూర్చుని లేవకూడదమ్మా. తినేసి చూసుకోవచ్చు, అవెక్కడికి పోతాయి" అంది మా ఆవిడ.

"అన్నీ మూసేసిన అత్తయ్యా. శనివారం అవే కాల్చేది."

నేను కూడా చెయ్యి కడుక్కుని వెనకాలే గ్యారేజీలోకి వెళ్లాను. చిటికెడే కదా అన్నాను. ఆమె నాకు కోపంగా జవాబు చెప్పలేదు. బల్ల మీద తల వాల్చి, తుపాకి ఉన్నట్టే చేతులు పెట్టి, కుడి చెంపని ఊహలోని తుపాకి వెనక కర్రకి ఆనించింది. చెంపకి అరచేయంత దూరంలో వేలు పెట్టి చూపించింది.

"ఇట్ల పెట్టి కాలుస్త. మందు మండేది ఈడ."

"ఎక్కువైతే ఏమవుతుంది?"

"ఏం కాకపోవచ్చు. కానీ కాకపోవచ్చు అనుకుంట చెంప పెట్టలేను గదా మామయ్యా."

ఆ వేలికీ ఆ చెంపకీ మధ్య ఉన్న జాగా చూశాను. ఆమె చెంప మీద చిన్నప్పుడెప్పుడో పడ్డ చిన్న మచ్చ ఒకటి ఉంది. ఇన్నేళ్లుగా ఇంట్లో తిరుగుతున్న పిల్ల, ఆ మచ్చని నేను అప్పుడే చూశాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఆమె పనిలో పడింది. ప్లాస్టిక్ సుత్తిలాంటిది ఒకటి ఉంది, దాని తలలో తూటాని బిగించి నేలకేసి కొడితే గుండూ మందూ ఊడి సుత్తి లోపల పడతాయి. టక్, టక్ మని కొడుతోంది. చలికాలం కష్టం ఒక్కొక్కటే ఊడి వస్తోంది. ఊడినదాన్ని తీసి ఒక గిన్నెలో పోస్తోంది. మళ్లీ తూచి మళ్లీ పోసుకుంటాను, మందు మందే గదా, ఏం పోలేదు అంది. అది నన్ను ఓదార్చడానికే అన్నదని నాకు తెలుసు. నేను కూడా ఆమెని ఓదార్చాలనుకున్నాను.

"నీ సరుకు ఒక్క గింజ కూడా ముట్టుకోలేదమ్మా. ఆ స్టీలు గిన్నెలో ఊడ్చినది ఉంది కదా, అందులోంచే వేశాను" అన్నాను.

సుత్తి ఆగిపోయింది.

ఆ గిన్నెలో అన్ని రోజులవీ ఉన్నాయట. ఆమె దగ్గర ఉన్న చిన్న తుపాకికి వాడే వేరే రకం మందు, ఇంకా తొందరగా భగ్గుమనేది, అది కూడా రాలి అందులోనే ఉందట. పారేయడానికి పెట్టిన గిన్నె. అది దీంట్లో కలిస్తే ఎలా మండుతుందో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు ఊడదీసిన మందంతా పనికిరాదు. అప్పటిదాకా నా తప్పు చిటికెడు. నేను నోరు విప్పాక గిన్నెడైంది.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. ఊడదీసిన మందు గిన్నె తీసుకుని పెరట్లోకి నడిచింది, నేనూ వెనక నడిచాను. ఎండలో ఆ పచ్చిక మీద మందుని పలచగా, విత్తనాలు చల్లినట్టు చల్లింది. నిప్పు దగ్గర లేకపోతే అది ఎరువులాంటిదేనట, గడ్డికి మంచిదట. నల్లటి సన్నటి పుల్లలు ఎండలో మెరుస్తూ గడ్డిలోకి దిగిపోయాయి. ఆ చల్లడం కూడా ఎంత సమంగా చల్లిందో నేను చూడకుండా ఉండలేకపోయాను. అంత కష్టంలోనూ ఆ చెయ్యి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేయలేదు.

"మరి పోటీ?" అన్నాను.

"మందు డబ్బా అడుగున ఇంక కొంచెం ఉంది. కావాల్సినన్ని రావు. చూద్దాం, ముందు టెస్ట్ షాట్లు ఏం కొట్టకుండ పొదుపుగ కాలుస్త."

"వేరే మందు తెచ్చుకోకూడదా?"

"దాంతోటి మళ్ల చలికాలమంత చూసుకోవాలె."

ఆ మధ్యాహ్నమే మిగిలినది కొలవడం మొదలుపెట్టింది. ఈసారి స్టూలు మీద కాదు, తలుపు దగ్గర నిలబడమంది. ఎవరినీ రానివ్వకూడదు, తలుపు వేయకూడదు, తీయకూడదు. గాలి కదలకూడదు. మా ఆవిడని మిక్సీ వేయవద్దన్నాను. మా అబ్బాయిని కారు తీయవద్దన్నాను. జాలీ మూసేసరికి ఆ టెక్సాస్ ఎండకి గ్యారేజీ కొలిమి అయింది. ఆమె నుదుటి మీది చెమట కనుబొమ్మ దాకా వచ్చేది. త్రాసు మీద పడకుండా భుజానికి తుడుచుకుని, ముల్లు నిలబడేదాకా ఆగి, మళ్లీ పిడి ఎత్తేది.

డబ్బాలో మందు తగ్గిపోతున్నప్పుడు కొలత మారుతుందని చెప్పాను కదా. ఆమె ఇప్పుడు పరికరాన్ని నమ్మడం మానేసి, దాదాపు అంతా గొట్టంతోనే పోస్తోంది. పుల్ల తర్వాత పుల్ల. ఒకసారి ముల్లు గీతకి ఒక అణువు కింద ఆగింది. నా కంటికి అది గీత మీదే ఉంది. ఆమె కంటికి లేదు. వేళ్లు కదిలాయో లేదో తెలియనంతగా గొట్టాన్ని తిప్పింది. చివర ఒక పుల్ల కనబడింది. ఆగింది. ఆమె ఊపిరి పక్కకి తిరిగి వదిలింది. పుల్ల పడింది. ముల్లు లేచింది, ఒకసారి ఊగింది, నిలిచింది.

ఒక్క పుల్లకి లోకంలో ఎక్కడైనా బరువుందా? ఈగ రెక్క కంటే ఎక్కువ ఉంటుందా? ఆ పుల్ల పడకముందు ఆ తూటా వేరు, పడ్డాక వేరు. ఆ తేడా అక్కడెక్కడో మైళ్ల అవతల రేంజ్‌లో, గాలి దాటి, ఎండ దాటి, ఇనప పలక మీద కనబడుతుంది. నేను జీవితమంతా గుప్పెళ్లతో కొలిచినవాణ్ని. గుప్పెడులో ఎన్ని గింజలుంటాయో ఎప్పుడూ చూడలేదు. ఆ తలుపు దగ్గర చెమట కారుతూ నిలబడి, ఒక్క పుల్ల కోసం నేను చేతులు జోడించాను. ఎవరికి జోడించానో అడగకండి. ఆమె చూడలేదు.

ఇక మొదట్లో నేను అన్న మాట. నేను కొలిచిన మందుతో ఆమె పోటీకి వెళ్లిందని అన్నాను. అది సాగదీసింది కూడా కాదు, పచ్చి అబద్ధం. నా చెయ్యి పడ్డ మందంతా పచ్చిక మీద పడింది. పోటీకి వెళ్లింది ఆమె కొలిచిందే. నేను చేసింది తలుపు పట్టుకుని నిలబడటం. తలుపు మాత్రం బాగా పట్టుకున్నాను.

శనివారం నేనూ వెళ్లాను. నన్ను రమ్మనలేదు, నేనే కార్లో ఎక్కి కూర్చున్నాను. హైవే దిగాక చాలాసేపు ఎండిన గడ్డి, ముళ్లకంచెలు, ఆవులు. రేంజ్‌లో నాకు చెవులకి పెద్ద దొప్పలు పెట్టి, డేరా కింద కుర్చీ వేసింది. దూరాన పలకలు నాకు కనబడలేదు. ఎండకి నేల మీద గాలి నీళ్లలా కదులుతోంది. ఆమె బోర్లా పడుకుని, కుడి చెంప తుపాకి కర్రకి ఆనించింది. నేను ఆ చెంపనే చూస్తున్నాను. మొదటి తూటా పేలింది. చెంప అక్కడే ఉంది. ఆ తర్వాత ఒక నిశ్శబ్దం. గుండు ఇంకా దారిలోనే ఉంది. నేను దొప్ప ఒకటి కాస్త తీసి విన్నాను. చాలా దూరాన ఎవరో ఇత్తడి చెంబు జారవిడిచినట్టు, మెత్తగా, ఠంగ్ మని వినబడింది.

మళ్లీ పేలుడు, మళ్లీ ఆ నిశ్శబ్దం, మళ్లీ చెంబు. ప్రతిసారీ ఆ నిశ్శబ్దం అంతే పొడుగుంది. నేను మనసులో ఆ ఎడం కొలుస్తూ కూర్చున్నాను. అచ్చంగా ఒక్కటే. గ్యారేజీలో నా కళ్ల ముందు పడ్డ పుల్లలే అక్కడ మోగుతున్నాయి.

ఆ రోజు ఆమె గురి ఒక్కటి కూడా తప్పలేదు. పలకల వరుసలన్నీ అయ్యాయి, చివరి వరుసలో చివరి పలక కూడా మోగింది. చుట్టూ ఉన్న తెల్లవాళ్లు టోపీలు తీసి ఆమె వైపు చూశారు. టోపీలు ఎండకి తీశారేమో, నేను ఒట్టు పెట్టలేను, కానీ తీశారు. చివరి పలక మోగింది మాత్రం నేను ఈ చెవులతో విన్నాను.

ఇంతవరకు రాసి, మొన్న సాయంత్రం వంటింట్లో కోడలికి చదివి వినిపించాను. ఆమె చపాతీలు ఒత్తుతూ అంతా విన్నది. కొసరు దగ్గర నవ్వింది. చెంప దగ్గర నవ్వలేదు. చివరి పేరా అయ్యాక అప్పడాల కర్ర పక్కన పెట్టింది.

"చివరి పలక ఎట్ల మోగుతది మామయ్యా? నాకు తూటాలు సరిపోలే. ఆఖరి వరుసల రెండు పలకలు మిగిలుండంగనే లేచి వచ్చేసిన, ఆరో స్థానం వచ్చింది. మీరప్పుడు కుర్చీల నిద్రపోతున్నరు."